ఏడాది ప్లాన్‌లో మొదటి గడి ఖర్చుది

మా షాపుకి ఏటా మార్చి, ఏప్రిల్ రోజుల్లో ఇద్దరు భవిష్యత్తు చెబుతారు. ఒకరు ఉగాది నాడు పంచాంగం చదివే పంతులుగారు. రెండోవారు బ్యాంకులో సీసీ (షాపు నడపడానికి ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) రెన్యువల్‌కి ప్రొజెక్షన్లు, అంటే వచ్చే ఏడాది అంచనాలు, తయారుచేసిచ్చే ఆడిటర్ గారు. పంతులుగారు మన రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని రెండూ చెబుతారు. ఆడిటర్ గారి కాగితంలో మాత్రం అమ్మకాలదే పెద్దపీట, అవి ప్రతి ఏడూ పెరుగుతూనే ఉంటాయి. ఇద్దరిలో వ్యాపారం తెలిసినవారెవరంటే నేను పంతులుగారి వైపే మొగ్గుతాను.

నరసరావుపేటలో మాది బట్టల షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. చీరలు, రెడీమేడ్, కొంచెం కట్ పీసులు, జూన్‌లో స్కూలు యూనిఫాం బట్ట. పెద్ద షోరూమ్ కాదు, మరీ చిన్న కొట్టూ కాదు. మాలాంటి షాపుల్లో ‘ఏడాది ప్లాన్’ అనేది కాగితం మీద ఉందంటే, నూటికి తొంభై పాళ్లు అది బ్యాంకు కోసం రాసిందే.

అది ఎలా తయారవుతుందో బయటివాళ్లకి తెలియదు. చిన్న వ్యాపారానికి వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీగా షాపు నడపడానికి డబ్బు, ఇచ్చేటప్పుడు బ్యాంకులు పాటించే లెక్క ఒకటుంది, నాయక్ కమిటీ పద్ధతి అంటారు. వచ్చే ఏడాది వంద రూపాయలు అమ్ముతామని అంచనా అయితే, పాతిక రూపాయల పెట్టుబడి కావాలనుకుంటారు. అందులో ఇరవై బ్యాంకు ఇస్తుంది, ఐదు మనం పెట్టుకోవాలి. అంటే 12 లక్షల అప్పు లిమిట్ కావాలంటే 60 లక్షల అమ్మకాలు చూపించాలి. అందుకని సంభాషణ ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది:

‘టర్నోవర్ ఎంత వేద్దామండీ?’

‘మీరే చెప్పండి సార్.’

‘లిమిట్ ఎంత కావాలో చెప్పండి. దాన్నిబట్టి వేస్తాను.’

ఆయన తప్పేం లేదు. బ్యాంకు అడిగింది ఆయన ఇస్తున్నారు. కానీ ఆ కాగితాన్ని మనం కూడా నమ్మేస్తే చిక్కు. లిమిట్ నుంచి వెనక్కి లెక్కేసి రాసిన అంకెని చూసి, ‘ఈ ఏడు 60 లక్షలు కొట్టాలి’ అని సరుకు తెప్పించే షాపులు నాకు తెలుసు.

ఈమధ్య మూడో రకం వాళ్లు వచ్చారు. బిజినెస్ కోచ్‌లు. హోటల్ హాల్లో కూర్చోబెట్టి, గోడ మీద టార్గెట్ రాసుకోమంటారు, పొద్దున్నే లేచి దాన్ని చూడమంటారు. వీళ్ల మీద ఇంతకంటే ఎక్కువ రాయను.

నా వాదన ఒక్కటే. మాలాంటి వాళ్లకి అమ్మకాలు ప్లాన్ చేసుకునే వస్తువు కాదు. మన చేతిలో ఉన్నది కొనడం, ఖర్చు పెట్టడం, అవి ఏ నెలలో చేయాలన్నది. ఏడాది ప్లాన్ అంటే, డబ్బు ఏ నెలలో చేతిలో లేకుండా పోతుందో ముందే తెలుసుకునే కాగితం. అంతకుమించి దాని మీద భారం వేయకూడదు.

అమ్మకాలు ఎందుకు మన చేతిలో లేవంటే, మా ఊళ్లో బట్టల షాపు సేల్స్ గుంటూరు మిర్చి యార్డులో తేలుతుంది. సంక్రాంతికి ఎలాగోలా కొంటారు. ఆ తర్వాత శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల నుంచి వేసవి పెళ్లిళ్ల దాకా బేరం నడవాలంటే మిర్చికి రేటు ఉండాలి. అంతకు రెండేళ్ల ముందు క్వింటా 20 వేలు దాటి చూసిన రైతు, 2025 ఫిబ్రవరికి వచ్చేసరికి పది, పన్నెండు వేల దగ్గర బేరం ఆడాల్సి వచ్చింది. ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఆ సీజన్‌లో పెళ్లి బట్టలకి వచ్చిన కుటుంబాలు పెళ్లికూతురి పట్టుచీర మానలేదు. కానీ బంధువులకి పెట్టే చీరలు పన్నెండొందల రకం అనుకున్నవాళ్లు ఏడొందల రకానికి దిగారు. మనుషులు వచ్చారు, సంచులు నిండాయి, గల్లాపెట్టె నిండలేదు. ఆ ఏడు గోడ మీద 15 శాతం పెరుగుదల అని రాసుకుని ఉంటే ఏం ఒరిగేది? ఆ అంకెని నమ్మి సరుకు దింపి ఉంటే మటుకు నష్టం కళ్లకు కట్టినట్టు ర్యాకుల్లో కనబడేది.

మరి చేతిలో ఉన్నదేంటి? ముందు షట్టర్ ఎత్తడానికి అయ్యే ఖర్చు. మా సైజు షాపుని ఉదాహరణగా తీసుకుని గుండ్రంగా లెక్కేద్దాం. నెలకి అద్దె 25 వేలు. ఇద్దరు పనివాళ్లకి 24 వేలు. కరెంటు 6 వేలు. పన్నెండు లక్షల సీసీ పూర్తిగా వాడితే 11 శాతం లెక్కన వడ్డీ 11 వేలు. ట్రాన్స్‌పోర్టు, హమాలీ, కవర్లు, టీలు కలిపి 5 వేలు. మొత్తం 71 వేలు. ఇంటి ఖర్చుకి 40 వేలు తీస్తే లక్షా పదకొండు వేలు. అమ్మిన దాంట్లో పాతిక శాతం మిగులుతుందనుకుంటే, నెలకి దాదాపు నాలుగున్నర లక్షలు అమ్మితే గానీ ఖర్చులకి సరిపోదు.

ఏడాది మొత్తం 60 లక్షలు అమ్మితే సగటున నెలకి 5 లక్షలు కాబట్టి ఫర్వాలేదు అనిపిస్తుంది. కానీ సగటు నెల అనేది క్యాలెండర్‌లో లేదు. ఆషాఢంలో 2 లక్షలు అమ్మితే మిగిలేది 50 వేలు, కావాల్సింది లక్షా పదకొండు. ఆ 61 వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? చీటీ పాడతారు. లేదా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు, అంటే ఏడాదికి 24 శాతం. లేదా సప్లయర్‌కి వెళ్లాల్సిన డబ్బు ఇంటి ఖర్చుకి వాడేస్తారు. మూడోది అన్నిటికంటే సులువు, అందుకే అందరూ అదే చేస్తారు. దసరా సరుకు కావాల్సినప్పుడు ఆ సప్లయర్ పార్టీ ‘పాత బాకీ క్లియర్ చేయండి, తర్వాత చూద్దాం’ అంటాడు. సీజన్‌లో మంచి డిజైన్లు పక్క షాపుకి వెళ్తాయి. ఆషాఢంలో చూసుకోని 61 వేల లోటు దసరా బేరాన్ని దెబ్బతీసిందని ఎవరూ లెక్క రాయరు. ‘ఈసారి దసరా డల్లుగా ఉంది’ అంటారు.

నేను చేసే పని ఇది. పొడుగు లెక్కల పుస్తకంలో ఒక పేజీ. ఎడమ వైపు నెలలు, ఇంగ్లీషు నెల పక్కనే తెలుగు నెల. ఆ పక్క గడిలో ఆ నెల కచ్చితంగా పోయే డబ్బు, తేదీతో సహా. తర్వాత గడిలో సప్లయర్లకి కట్టాల్సింది. ఆఖరి గడిలో మాత్రమే రావచ్చనుకునే డబ్బు. ఎక్సెల్ వద్దా అంటే వద్దని కాదు, పుస్తకం గల్లాపెట్టె పక్కన ఉంటుంది, అంతే.

తెలుగు నెల ఎందుకంటే, ఈ 2026 లాంటి ఏడాది అది లేకపోతే లెక్కంతా తప్పుతుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ముహూర్తాలుండవు. వేసవి పెళ్లిళ్లలో మంచి ముక్క అలా పోతుంది. ఆషాఢం నిరుడు జూన్ 26న వచ్చి జూలై 24తో అయిపోయింది, ఈసారి జూలై 15న మొదలై ఆగస్టు 12 దాకా ఉంటుంది. నిరుడు జూలై ఆఖరి వారంలోనే శ్రావణం బేరం మొదలైంది, ఈసారి ఆగస్టు 13 దాకా ఆగాలి. దసరా నిరుడు అక్టోబర్ 2, ఈసారి అక్టోబర్ 20. దీపావళి నిరుడు అక్టోబర్ 20, ఈసారి నవంబర్ 8.

దీనివల్ల రెండు చిక్కులొస్తాయి. మొదటిది తేలికైంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఈ సెప్టెంబర్‌ని నిరుటి సెప్టెంబర్‌తో పోల్చి సేల్స్ పడిపోయిందని చూపిస్తుంది. నిరుడు దసరా బేరమంతా సెప్టెంబర్‌లో అయింది కాబట్టి అలా కనబడుతుంది. టెన్షన్ పడి డిస్కౌంట్ బోర్డు పెట్టేస్తే, పది రోజులు ఆగితే పూర్తి రేటుకి పోయే సరుకుని మనమే తగ్గించి అమ్ముకున్నట్టు.

రెండోది అసలైంది. దసరా సరుకు సూరత్ నుంచో విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్ నుంచో ఆగస్టు 1న బిల్లయిందనుకోండి. అరవై రోజుల గడువు. సెప్టెంబర్ 30కి డబ్బు కట్టాలి. నిరుడు ఆ తేదీకి దసరా బేరం దాదాపు అయిపోయి, డబ్బు చేతిలో ఉంది. ఈసారి అదే తేదీకి బిల్లు చేయించుకుంటే, కట్టాల్సిన రోజుకి అసలు బేరం మొదలే కాదు. అదే పార్టీ, అదే గడువు, అదే సరుకు. అయినా ఇరవై రోజుల పాటు చేతిలో డబ్బుండదు. చేయాల్సిందల్లా, దసరా జరిగిన ఆ పద్దెనిమిది రోజులే ఆర్డర్‌నీ జరపడం. తేదీ చూసి కాదు, తిథి చూసి ఆర్డర్ పెట్టాలని నాన్న అనేవారు. ఆయనకి క్యాష్ ఫ్లో అన్న మాట తెలియదు గానీ అధికమాసం ఎప్పుడొస్తుందో తెలుసు.

పన్నులో మాత్రం ఈ జరుగుబాటు మనకే మేలు. జీఎస్టీలో కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పద్ధతిలో ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి, మరుసటి నెల 18 లోపు కట్టాలి. నిరుడు సెప్టెంబర్‌లో జరిగిన దసరా అమ్మకాల మీద పన్ను అక్టోబర్ 18కే కట్టాం. ఈసారి దసరా అక్టోబర్‌లో పడింది కాబట్టి ఆ పన్ను జనవరి 18కి, సంక్రాంతి బేరం కూడా అయ్యాక. సరిగ్గా అందుకే ఆ డబ్బుని ముందే పక్కన పెట్టకపోతే సంక్రాంతి సరుకులో కలిసిపోతుంది.

కాంపోజిషన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఏడాదికోసారి నిజంగా కూర్చుని తేల్చుకోవాల్సిన నిర్ణయం ఇది. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారి అమ్మకాల మీద ఒక శాతం కట్టి ఊరుకోవచ్చు, కానీ కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, కస్టమర్ దగ్గర వేరుగా వసూలు చేయకూడదు. రెగ్యులర్‌లో, అంటే మామూలు జీఎస్టీలో, ఉన్నవాళ్లు అందులోకి మారాలంటే మార్చి 31 లోపు చెప్పాలి. ఎక్కువ మంది ‘ఏది తలనొప్పి తక్కువ’ అని చూస్తారు. లెక్క చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఐదు శాతం పన్ను ఉన్న బట్టల మీద, పన్నుతో కలిపిన రేట్లలో మన మార్జిన్ వందకి 21 రూపాయలుంటే రెండు పద్ధతుల్లోనూ జేబులోంచి పోయేది ఒకటే. మార్జిన్ అంతకంటే ఎక్కువైతే కాంపోజిషన్ లాభం, తక్కువైతే రెగ్యులర్. అద్దె మీద పన్ను లాంటివి కలిస్తే కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఆడిటర్ గారిని ప్రొజెక్షన్లకి బదులు ఈ లెక్క అడగండి.

ఇక ఇల్లు. ఏ ప్లాన్‌లోనూ కనబడని గడి ఇదే. పైన లెక్కలో ఇంటికి నెలకి 40 వేలు అని రాశాను. నిజానికి మనలో ఎంతమంది ఇంటికి ఇంత అని తీస్తాం? గల్లాపెట్టెలోంచి పొద్దున పాలకి, సాయంత్రం కూరగాయలకి, మధ్యలో బామ్మర్ది వస్తే ఐదు వేలు. ఏడాది చివర ‘లాభం ఏమైంది’ అని వెతుకుతాం. పైన చెప్పిన షాపుకి 60 లక్షల మీద పాతిక శాతం అంటే 15 లక్షలు మిగులు. నెల ఖర్చులు, ఒక శాతం పన్ను, పండక్కి పనివాళ్లకి ఒక నెల జీతం బోనస్ పోను 5 లక్షల 64 వేలు. ఇంటికి 4 లక్షల 80 వేలు తీస్తే 84 వేలు మిగులుతాయి. ఇద్దరు పిల్లల ఫీజులు జూన్‌లో వచ్చి పడితే ఆ 84 వేలు ఎటు పోతాయో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇంటి ఖర్చు అనేది షాపు ఖర్చే, దానికీ ఒక తేదీ ఉండాలి. నేను ఒకటో తారీఖున తీసుకుంటాను, జీతంలాగా. మొదట్లో ఇంట్లో నవ్వారు. ఇప్పుడు జూన్ ఫీజుల కోసం ఫిబ్రవరి, మార్చి బేరంలోంచి కొంత తీసి పెట్టమని గుర్తు చేసేది ఇంట్లోవాళ్లే.

ఆ 84 వేలకి ఇంకో శత్రువు ఉంది. షాపులో 18 లక్షల సరుకు ఉందనుకుంటే, అందులో ఐదు శాతం పనికిరాకుండా పోతే 90 వేలు. అంటే ఏడాది మిగులు మొత్తం. డెడ్ స్టాకు అంటే ఏదో పాడైపోయిన సరుకు కాదు. పై ర్యాకులో, చేయి అందనిచోట, కవర్లో పెట్టిన చీర. రెండేళ్లు కదలకపోతే మడత మీద రంగు వెలిసి సన్న గీత పడుతుంది. ఆ గీత చూసిన కస్టమర్ చీర పక్కన పెట్టేస్తుంది, ఏమీ అనదు. చుడీదార్ సెట్లలో అందరూ కొనే సైజులు పోయి చివరి రెండు సైజులు మిగులుతాయి. మార్చి 31న స్టాకు లెక్క అనగానే అందరూ ఒక అంకె చెప్పేస్తారు, ఎందుకంటే బ్యాంకుకి స్టాకు స్టేట్‌మెంట్‌లో అదే ఇస్తున్నాం కాబట్టి. ఆ రోజు నిచ్చెన వేసుకుని పై ర్యాకులు దించి, ఏడాదిగా కదలని సరుకుని వేరే రాశి పోసి చూస్తే తెలుస్తుంది, వచ్చే ఏడాది ఏం కొనకూడదో. నా దృష్టిలో ఆ రాశి ఏ టార్గెట్ కంటే కూడా పెద్ద ప్లాను. ఆషాఢం డిస్కౌంట్ అసలు ఉన్నది దానికోసమే. కొత్త సరుకు తెప్పించి ఆషాఢంలో తగ్గించి అమ్మే పని పెద్ద షోరూమ్‌లది, వాళ్ల లెక్క వేరు.

మా పక్క స్టీలు సామాన్ల షాపు బాబాయ్‌కి నా పుస్తకం అంటే చిన్నచూపు. ‘ఏరా, 2020 ఉగాదికి కూడా రాశావుగా, ఏమైంది?’ అంటాడు. ఆ ఏడు ఉగాది మార్చి 25. లాక్‌డౌన్ మొదటి రోజు. వేసవి పెళ్లిళ్ల సరుకు అప్పటికే దిగి ఉంది. బాబాయ్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2016 నవంబర్ 8 రాత్రి నోట్ల రద్దు ఏ ప్లాన్‌లోనూ లేదు. నిరుడు సెప్టెంబర్ 22న, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజున, రెడీమేడ్ మీద పన్ను మారింది. అంతకు ముందు వెయ్యి దాకానే ఐదు శాతం, ఆపైన పన్నెండు, ఇప్పుడు 2,500 దాకా ఐదు, ఆపైన పద్దెనిమిది. పండగ బేరం మధ్యలో ట్యాగులు మార్చుకుంటూ కూర్చున్నాం. పన్నెండు శాతం కట్టి కొన్న పాత సరుకు గురించి, ‘తగ్గిందంట కదండీ’ అంటూ వచ్చినవాళ్లకి ఏం చెప్పాలో కాంపోజిషన్ షాపులవాళ్లకి తోచలేదు.

అయినా ఆయనతో నేను ఒప్పుకోను. లాక్‌డౌన్‌లో పనికిరాకుండా పోయింది ఆఖరి గడి, రావాల్సిన డబ్బు. మిగతా గడులన్నీ పనికొచ్చాయి. షాపు మూసి ఉన్నా అద్దె ఎంత, జీతాలు ఎంత, ఏ పార్టీకి ఏ వారం ఎంత అన్నది ఒక పేజీలో ఉంది. ఎవరికి ముందు ఫోన్ చేసి గడువు అడగాలో తెలిసింది. మనం ముందు ఫోన్ చేస్తే సప్లయర్ వినే తీరు వేరు, వాళ్లు చేసేదాకా ఆగితే వినే తీరు వేరు. బాబాయ్ ఈ మాట విని, ‘ఆ ఫోన్ నేనూ చేశాను, పుస్తకం లేకుండానే’ అన్నాడు. నిజమే, ముప్పై ఐదేళ్లు ఒకే గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషికి ఆ పేజీ తలలోనే ఉంటుంది. ఆయన కొడుక్కి ఉండదు. నాకూ ఉండదు.

ఇంకో మార్పు కూడా ఉంది, బాబాయ్ కాలంలో లేనిది. చిన్న తయారీదారుకి 45 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే డబ్బు కట్టకపోతే, కట్టేదాకా ఆ కొనుగోలుని ఖర్చుగా చూపించుకోనివ్వని ఆదాయపు పన్ను నిబంధన 2024 మార్చి లెక్కల నుంచి అమల్లోకి వచ్చింది. పూర్తి లెక్కల పుస్తకాలతో రిటర్న్ వేసే షాపులకే అది నేరుగా తగులుతుంది. కానీ దాన్ని చూపించి, అంతకు ముందు మూడు నెలలు ఆగిన పార్టీలు కూడా గడువు కుదించాయి. నోటిమాట మీద నడిచిన అరువు తగ్గుతున్నప్పుడు, ఏ వారం ఎంత కట్టాలన్నది తల్లోనే ఉంచుకోవడం కష్టం.

నా పేజీలో ఇప్పటికీ సరిగ్గా కుదరని గడి ఒకటే, ఖాతా వసూళ్లు, అంటే అరువు మీద ఇచ్చిన బట్టల డబ్బు. పల్లెల నుంచి వచ్చే పాత కస్టమర్లు మిర్చి అమ్మాక కడతారు. రేటు రాలేదని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటే నా డబ్బూ ఆ బస్తాలతో పాటే అక్కడుంటుంది. ఖాతా ఆపేయమని ఆడిటర్ గారు అంటారు. ఆపేస్తే ఆ కుటుంబాలు పెళ్లి బట్టలకి గుంటూరు వెళ్లిపోతాయి. అందుకని ఆ గడిని పెన్సిల్‌తో రాసి, అందులో సగమే వస్తుందనుకుని మిగతా పేజీ నింపుతాను. ఈ ఏడు జూన్ నెల ఎదురుగా, అధిక జ్యేష్ఠం పక్కన, ఆ సగం కూడా వేయలేదు. పెళ్లి పట్టు ఆర్డర్లో మూడో వంతు తగ్గించి, ఆ డబ్బుని యూనిఫాం బట్టకి మార్చాను. ముహూర్తాలున్నా లేకపోయినా జూన్ 12కి స్కూళ్లు తెరుస్తారు.